తలకు వెయ్యి రూపాయలు, విరిగిన కాలికి ఏడు రోజులు

2019 డిసెంబరు 4న గుజరాత్ మంత్రివర్గం ఒక విచిత్ర నిర్ణయం తీసుకున్నది. నగరాలు, పురపాలక పట్టణాల పరిధిలో ద్విచక్ర వాహనదారులు హెల్మెట్ ధరించడం ఇకపై ఐచ్ఛికమని ప్రకటించింది. పార్లమెంటు చేసిన చట్టాన్ని ఒక రాష్ట్ర మంత్రివర్గం ఒక సమావేశంలో పక్కన పెట్టింది. ప్రజలకు ఉక్కపోతగా ఉన్నదట, హెల్మెట్ ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదట. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ కన్నెర్ర చేసిన తర్వాత, హైకోర్టులో ప్రశ్నలు ఎదురైన తర్వాత ఆ ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కానీ ఆ రోజు బయటపడిన రాజకీయ మనస్తత్వం మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇది ఒక పార్టీ పాపం కాదు. మోటారు వాహనాల సవరణ చట్టం 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చినప్పుడు హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలపాటు లైసెన్సు రద్దు అన్నారు. పది రోజులు తిరగకముందే గుజరాత్ ఆ జరిమానాను 500 రూపాయలకు కుదించింది. అక్కడా కేంద్రంలోనూ ఒకే పార్టీ అధికారంలో ఉన్నది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, పంజాబ్ కొత్త జరిమానాలను వెంటనే అమలు చేయబోమన్నాయి. తెలంగాణ కూడా ఆ వరుసలోనే నిలిచింది. కశ్మీర్ మీద, పౌరసత్వం మీద, సాగు చట్టాల మీద ఉప్పూ నిప్పూగా ఉన్న పార్టీలన్నీ ఓటరు తల విషయంలో మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చాయి. అదే ఏడాది ఆరంభంలో పుణెలో హెల్మెట్ వ్యతిరేకులు హెల్మెట్‌కు శవయాత్ర జరిపి అంత్యక్రియలు చేశారు. చితి మీదికి వెళ్ళవలసింది హెల్మెట్టా, తలా అన్న ప్రశ్న వారికి తట్టలేదు. ఓట్లు పోతాయన్న భయంతో వారిని నిలదీసిన నాయకుడూ కనబడలేదు.

తిలాపాపం తలా పిడికెడు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఎందుకంటే పోతున్నవి తలలే. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,68,491 మంది. వారిలో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు 74,897 మంది. ప్రాణం పోయేనాటికి తల మీద హెల్మెట్ లేనివారు 50,029 మంది. అంటే రోజుకు 137 మంది. ఈ యాభై వేలలో 14,337 మంది వాహనం నడుపుతున్నవారు కారు, వెనక కూర్చున్నవారు. భార్య, తల్లి, చెల్లెలు, స్నేహితుడు. ముందు కూర్చున్నవాడు పోలీసు చలానాకు భయపడి హెల్మెట్ పెట్టుకుంటాడు. వెనక కూర్చున్న మనిషి తలకు ఆ ఇంట్లోనూ ధర లేదు, ప్రభుత్వంలోనూ ధర లేదు.

హెల్మెట్ చేసే పని మంత్రతంత్రం కాదు. పైన గట్టి పెంకు, లోపల థర్మోకోల్ వంటి నురుగు పొర. తల రోడ్డుకు తగిలిన క్షణాన ఆ నురుగు నలిగి, మెదడు ఆగిపోవడానికి పట్టే సమయాన్ని కొన్ని మిల్లీసెకన్లు పెంచుతుంది. ఆ కొన్ని మిల్లీసెకన్లే బతుకుకూ చావుకూ మధ్య తేడా. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను క్రోడీకరించిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష హెల్మెట్ మరణాల ముప్పును సుమారు 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని తేల్చింది. అయితే గడ్డం కింద పట్టీ బిగించనిదే అది హెల్మెట్ కాదు. చట్టం కూడా పట్టీతో తలకు బిగించిన దానినే శిరస్త్రాణంగా గుర్తిస్తుంది. మన రోడ్ల మీద సగం హెల్మెట్లు పెట్రోలు ట్యాంకు మీద, అద్దానికి, మోచేతికి వేలాడుతుంటాయి. కూడలిలో పోలీసు కనబడగానే తల మీదికి వచ్చి, కూడలి దాటగానే దిగిపోతాయి.

ఇందుకు వాహనదారుడిని తిట్టి ఊరుకుంటే సరిపోదు. ప్రభుత్వం అతనికి నేర్పిన పాఠమే అది. హెల్మెట్ అనేది తలకు సంబంధించిన విషయం కాదు, జేబుకు సంబంధించిన విషయం అని మూడు దశాబ్దాలుగా చలానాల ద్వారా బోధించారు. ప్రాణ రక్షణను పన్ను వసూలుగా మార్చినప్పుడు పౌరుడు కూడా పన్ను ఎగవేతదారుడిలాగే ప్రవర్తిస్తాడు.

పన్ను మాట వచ్చింది కాబట్టి ఇంకొక లెక్క. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బంగారానికి 3 శాతం పన్ను వేశారు. హెల్మెట్‌ను 18 శాతం శ్లాబులో పెట్టారు. మెడలో వేసుకునే దానికి మూడు, మెడ మీది దాన్ని కాపాడే దానికి పద్దెనిమిది! ద్విచక్ర వాహనం అమ్మే సమయంలోనే తయారీదారు ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన ఎన్నడో చెప్పింది. అది సక్రమంగా అమలై ఉంటే, ప్రతి బండితో రెండు హెల్మెట్లు ఇవ్వాలంటూ 2025లో మళ్ళీ ముసాయిదా తేవలసిన అవసరమేమిటి? ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్ల అమ్మకాన్ని 2021 జూన్ 1 నుంచి నిషేధించారు. అయినా ఏ జాతీయ రహదారి పక్కన చూసినా కర్రలకు వేలాడదీసిన ప్లాస్టిక్ చిప్పలు దర్శనమిస్తూనే ఉంటాయి. అవి కొన్నవాడికి పోలీసు నుంచి రక్షణ దొరుకుతుంది, రోడ్డు నుంచి దొరకదు.

ఇక తల కింద ఉన్న శరీరం సంగతి. చట్టంలోని 129వ సెక్షన్ తల దగ్గరే ఆగిపోయింది. చేతి తొడుగులు, మోకాలి కవచాలు, చీలమండను పట్టి ఉంచే బూట్లు, తారు రోడ్డు మీద జారినా చిరిగిపోని జాకెట్ అనేవి ఈ దేశంలో లద్దాఖ్ యాత్రకు వెళ్ళే సంపన్న యువకుల వేడుక వస్తువులయ్యాయి. రోజుకు పన్నెండు గంటలు బండి మీదే బతికే డెలివరీ కార్మికుడి ఒంటి మీద మాత్రం కంపెనీ పేరు అచ్చువేసిన పలుచని టీషర్టు, కాళ్ళకు చెప్పులు. ఆ చొక్కా ప్రకటన కోసం, రక్షణ కోసం కాదు. భవన నిర్మాణంలో టోపీ ఇవ్వని యజమానిని తప్పుపట్టే చట్టం, రోడ్డునే కర్మాగారంగా మార్చుకున్న యజమానిని ఇంతకాలం యజమాని అని పిలవడానికే సంకోచించింది.

ప్రమాదం జరిగాక కథ మరింత చేదుగా ఉంటుంది. ఎందుకంటే మన లెక్కల్లో చనిపోయినవారికి ఒక అంకె అయినా ఉన్నది. 2022లో గాయపడినవారు 4,43,366 మంది. వారు ఆ తర్వాత ఏమయ్యారో చెప్పే అంకె ఏ వార్షిక నివేదికలోనూ ఉండదు.

గోల్డెన్ అవర్‌లో నగదు రహిత చికిత్స కల్పించాలన్న 162వ సెక్షన్ నిబంధన 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పథకం మాత్రం రాలేదు. కోయంబత్తూరుకు చెందిన ఎముకల శస్త్రవైద్యుడు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2025 జనవరి 8న గడువు విధించింది. ఆ గడువు కూడా దాటిపోయి, కోర్టు మందలించిన తర్వాత, మే 5న పథకం వెలువడింది. ఒక్కో బాధితుడికి గరిష్ఠంగా లక్షన్నర రూపాయలు, ఏడు రోజులు. లేనిదానికంటే ఇది వెయ్యి రెట్లు మేలు. మొదటి గంటలో డబ్బు అడగకుండా తలుపు తీసే ఆస్పత్రి వేల ప్రాణాలను నిలబెడుతుంది. ఈ విషయంలో సందేహం లేదు.

కానీ ఎనిమిదో రోజున ఏం జరుగుతుంది? కాలి ముందు ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చిన గాయానికి మొదట మట్టి, చచ్చిన కండ తొలగించాలి. బయటి నుంచి ఇనుప చట్రం బిగించాలి. చీము పట్టకుండా చూసి, లోపల రాడ్డు వేయాలి, అవసరమైతే తొడ చర్మం తెచ్చి అతకాలి. అది అతుక్కోవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకు మించి. బండి మీది నుంచి భుజం మీద పడినవారిలో మెడ నుంచి చేతికి వెళ్ళే నరాల గుత్తి తెగిపోతుంటుంది. చెయ్యి ఒంటికి వేలాడుతుంది తప్ప పనిచేయదు. దాన్ని సరిచేసే శస్త్రచికిత్స ఆరు నెలల లోపు జరిగితేనే ఆశ. ఆ తర్వాత నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. ప్రభుత్వం ఇచ్చిన ఏడు రోజుల్లో పెరిగేది ఏడు మిల్లీమీటర్లు. మిగిలిన దూరమంతా ఆ కుటుంబం అప్పు మీద నడవాలి.

తెలుగు ప్రేక్షకులకు ఒక ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. నటుడు సాయిధరమ్ తేజ్ 2021 సెప్టెంబరు 10న హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి సమీపంలో బైకు మీది నుంచి జారిపడ్డారు. తల మీద హెల్మెట్ ఉన్నది. ప్రాణం దక్కింది. అయినా నెల రోజులకు పైగా ఆస్పత్రిలోనే గడిపారు. ఆ తర్వాతి చిత్రం ‘విరూపాక్ష’ 2023 ఏప్రిల్‌లో గానీ తెర మీదికి రాలేదు. మాట కూడా మళ్ళీ కూడదీసుకోవలసి వచ్చిందని ఆయనే చెప్పారు. మేలైన వైద్యం, ఎదురుచూసే నిర్మాతలు, అండగా నిలిచే కుటుంబం ఉన్న మనిషికి పట్టిన కాలం అది. అదే రోడ్డు మీద పడిన తాపీమేస్త్రీకి ఎవరు ఎదురుచూస్తారు?

బీమా ఉన్నది కదా అంటారు. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా మరణానికి రెండు లక్షలు ఇస్తుంది. ఒక కాలో, చెయ్యో శాశ్వతంగా పోతే లక్ష ఇస్తుంది. కాలు ఉండి, ఆరు నెలలు మంచాన ఉంటే ఏమీ ఇవ్వదు. ఉద్యోగ బీమా పరిధిలో ఉన్న కార్మికుడికి పనికి వెళ్ళే దారిలో జరిగిన ప్రమాదమూ వర్తిస్తుంది. కానీ ఈ దేశంలో అత్యధికులు ఆ పరిధికి బయటే ఉన్నారు. గుర్తు తెలియని వాహనం గుద్దిపోతే తీవ్రంగా గాయపడినవారికి దక్కేది 50 వేలు. మరి గుంతలో పడితే? అప్పుడు నేరం పడినవాడిదే. రహదారి లోపానికి కాంట్రాక్టరును, అధికారిని బాధ్యుణ్ణి చేసే 198ఎ సెక్షన్ 2019 సవరణలోనే వచ్చింది, జరిమానా లక్ష రూపాయల వరకు. హెల్మెట్ లేనివాడికి చలానా ఫోనుకే వస్తుంది. గుంత తవ్వి వదిలేసినవాడికి ఏ కెమెరా ఫొటో తీసింది? బొంబాయి హైకోర్టు 2025 అక్టోబరులో గుంతల వల్ల మరణిస్తే 6 లక్షలు, గాయపడితే 50 వేల నుంచి రెండున్నర లక్షల వరకు చెల్లించాలని ఆదేశించవలసి వచ్చిందంటే, అంతవరకు ప్రభుత్వాలు ఆ పని తమదని అనుకోలేదన్నమాట.

“నా తల, నా ఇష్టం” అనేవారికి కూడా ఒక మాట చెప్పక తప్పదు. తల పగిలినవాడు తన తలను తానే మోయలేడు. ముప్ఫై ఏళ్ళ కొడుక్కి డెబ్బై ఏళ్ళ తల్లి గొట్టం ద్వారా జావ పోస్తుంది. భార్య ఉద్యోగం మానుతుంది, లేదా లేని ఉద్యోగం వెతుక్కుంటుంది. పిల్లవాడి చదువు ఆగుతుంది. స్వేచ్ఛ ఒకరిది, శిక్ష నలుగురిది అయినప్పుడు దాన్ని స్వేచ్ఛ అనరు.

జనం మారరు అనేది పాలకుల రెండో సాకు. వియత్నాం 2007 డిసెంబరు 15న దేశమంతటా హెల్మెట్ తప్పనిసరి చేసింది. బండి లేని ఇల్లు అరుదైన ఆ దేశంలో వారాలు తిరగకముందే నూటికి తొంభై మందికి పైగా హెల్మెట్ ధరించారు. వారి ఎండ మన ఎండకంటే చల్లనిదేమీ కాదు. అక్కడ ప్రభుత్వం గట్టిగా అనుకున్నది, అంతే. ఇక్కడ విజయోత్సవ ర్యాలీలో వందల బైకులు, వేల తలలు, ఒక్క హెల్మెట్ లేకుండా, ముందు పోలీసు పైలట్ వాహనంతో సాగుతాయి. అంతర్జాతీయ సదస్సుల్లో రోడ్డు ప్రమాదాల ప్రస్తావన వస్తే ముఖం దాచుకోవలసి వస్తున్నదని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2024 డిసెంబరులో లోక్‌సభలోనే ఒప్పుకొన్నారు. ఆ నిజాయతీని మెచ్చుకోవచ్చు. కానీ మంత్రి ముఖం దాచుకుంటే బాధితుడి కాలు అతుక్కోదు.

చేయవలసినవి రహస్యాలు కావు. హెల్మెట్ మీద పన్ను ఎత్తివేయాలి. బండితో రెండు హెల్మెట్లు ఇవ్వని షోరూముకు రిజిస్ట్రేషన్ నిలిపివేయాలి. డెలివరీ కార్మికుడి కవచం ఖర్చు కంపెనీ భరించాలి. ఏడు రోజుల గడువు తీసివేసి, చికిత్సను కాలంతో కాక గాయంతో కొలవాలి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఫిజియోథెరపీ విభాగాన్ని గది తలుపు మీద బోర్డుగా కాక మనుషులతో నింపాలి. మంచాన ఉన్న నెలలకు కనీస వేతనంలో కొంత భాగమైనా చెల్లించాలి. వసూలైన చలానా సొమ్ము ఎక్కడికి పోతున్నదో చెప్పి, దాన్ని ఈ పనులకే కేటాయించాలి.

ఇవేవీ చేయని ప్రభుత్వానికి కూడలిలో నిలబడి వెయ్యి రూపాయలు అడిగే చట్టబద్ధ అధికారం ఉన్నది. నైతిక అధికారం మాత్రం లేదు. అయినా పౌరుడు హెల్మెట్ పెట్టుకోవాలి, వెనక కూర్చున్న మనిషికీ పెట్టాలి, పట్టీ బిగించాలి. పోలీసు కోసం కాదు, ప్రభుత్వం మీద నమ్మకంతో అసలే కాదు. పడిన తర్వాత ఈ రాజ్యం ఎనిమిదో రోజున తన పక్కన ఉండదన్న ఎరుకతో.