ఈస్టర్ పూట పిల్లలకో పని

శ్రమదినాలు ముగిశాక ఈస్టర్ వస్తుంది. తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థన, తర్వాత గుడి, ఇంటికొచ్చాక విందు. మధ్యాహ్నం పిల్లలకేం తోచదు. ఈ కప్‌కేకులు ఆ పూట కోసమే.

కేకు చేయడం తేలికే. కాగితపు కప్పుల్లో మూడింట రెండు వంతులే పిండి పోసి, ఓవెన్‌లో 180 డిగ్రీల వేడిలో 18 నుంచి 20 నిమిషాలు ఉంచితే చాలు. పూర్తిగా చల్లారకుండా వెన్న క్రీము పూస్తే కరిగి జారిపోతుంది. మన ఎండలకు క్రీమును కాసేపు ఫ్రిజ్‌లో పెట్టడం మేలు.

అసలు సరదా అలంకరణలో ఉంది. ఎండుకొబ్బరి కోరులో రెండు చుక్కల ఆకుపచ్చ రంగు కలిపితే పచ్చగడ్డి తయారు. దాన్ని క్రీము మీద గుండ్రంగా పేర్చి, నడుమ మూడు జెమ్స్ బిళ్లలు పెడితే గుడ్లున్న పిట్టగూడు! ఈస్టర్ గుడ్డు కొత్త జీవానికి గుర్తని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం ఉండదు.

ఓవెన్ దగ్గర పని పెద్దలే చూసుకోండి. పైపని మాత్రం పిల్లలకే వదిలేయండి. గూడు వంకరగా వస్తే సరిదిద్దకండి. పక్కింటికి పంపే పళ్లెం కూడా వాళ్ల చేతికే ఇవ్వండి.