రొమ్ము తీసేశాక ఊరే నీరు ఎవరి బాధ్యత?

పోయిన వానాకాలం గద్వాల దగ్గర ఒక ఊరికి వెళ్ళాను. పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ చేసే ఆడవాళ్ళ కూలిరేట్లు అడగటానికి. ఒకామె మాటల మధ్యలో కొంగు పక్కకు జరిపి చంక కింద ఉబ్బు చూపించింది. "నీళ్లు దిగినయంటున్నరక్కా. మల్ల అదే రోగమొచ్చిందా?" అంది. ఎడమ రొమ్ము తీసేసి నెల కూడా కాలేదు.

నా సర్వే ఫారంలో దీనికి గడి లేదు.

అది రోగం తిరగబెట్టడం కాదు. రొమ్మునీ చంకలోని గ్రంథులనీ తీసేశాక చర్మం కింద మిగిలిన ఖాళీలో ఊరే నీరు. డాక్టర్లు సెరోమా అంటారు. ఈ ఆపరేషన్ తర్వాత చాలా తరచుగా వచ్చే ఇబ్బంది ఇది. అందుకే గొట్టం పెట్టి నీటిని సీసాలోకి లాగుతారు. రోజుకు సుమారు 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గాక గొట్టం తీస్తారు. తర్వాత కూడా ఊరితే, కొంచెమైతే ఒంట్లోనే ఇంకిపోతుంది. ఎక్కువైతే శుభ్రమైన సూదితో లాగాలి, ఒక్కోసారి పలుమార్లు. చీము పడితే గాయం మానదు, కీమోథెరపీ వెనక్కి జరుగుతుంది.

పని చిన్నదే. కానీ ఆమెను రమ్మన్నది హైదరాబాదుకు, దాదాపు 190 కిలోమీటర్లు. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు, నిజమే. పోయిన కూలి ఎవరిస్తారు? తోడొచ్చే కొడుక్కి టికెట్టూ పోతుంది, కూలీ పోతుంది. చివరికి ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత సూది గుచ్చించుకుంది. మగమనిషి ముందు ఆ ఛాతీ విప్పడానికి రెండు రోజులు ఏడ్చానంది. ఆర్‌ఎంపీని తిట్టడం సులువు. అతను తప్ప అక్కడ ఎవరున్నారు?

2007లో ఆరోగ్యశ్రీ మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు అందులోవే. కార్డు మీద ఆమెకు ఆపరేషనైతే అయింది. ఇంటికొచ్చాక గడిపిన వారాలు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. డిశ్చార్జి కాగితమంతా ఇంగ్లీషే.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాబట్టి సంఘాలుగా మనం అడగాల్సింది పెద్ద క్యాన్సర్ భవనం కాదు. ఈ మూడు ఊళ్ళ ఆసుపత్రుల్లో వారానికొక రోజు, తెర చాటున, వీలైతే లేడీ డాక్టరు, నీరు తీసి గాయం చూడాలి. సీసా కొలత చూసి రాసుకోవడం ఆశా కార్యకర్తకు నేర్పాలి. జ్వరం, ఎరుపు, చీము కనబడితే ఎక్కడికి పోవాలో తెలుగులో రాసివ్వాలి. మూడుచోట్లా సూపరింటెండెంట్లకు ఒకే అర్జీ ఇద్దాం. ముందుగా ఆ ఊరామెకు చదివి వినిపిస్తాను, నేను వదిలేసినవి ఆమె చెబుతుంది.