కారు కొనువారి జమాఖర్చు

శ్రీకాకుళ, విజయనగర మండలములయందు మోటారుకారు నేడు జమీందారుల దివాణములకు మాత్రమే చెందిన వస్తువు కాదు. వంశధారా నాగావళీ తీరములందలి రైతులును, పట్టణములందలి వకీళ్లు, వర్తకులు, ఉపాధ్యాయులును దానిని కొనుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని కొనువారు అడుగు ప్రశ్నలు మాకు విచారము కలిగించుచున్నవి. బండి ఎంత ఎత్తున్నది? పైకప్పు తెరచుకొనునా? నెలకు కిస్తీ ఎంత? ఇంతతో బేరము ముగియుచున్నది. ఈ బండి తన జీవితకాలమున ఎంత చమురు త్రాగునని అడుగువారు అరుదు. ఎడ్లజతను కొనునపుడు మేతను లెక్కింపని రైతు మనలో లేడు. లక్షలు పోసి కొను బండి మేతను లెక్కింపకుండుట యేమి వివేకము?

లెక్క కష్టమైనది కాదు. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగు గృహస్థుని తీసికొందము. లీటరుకు 12 కిలోమీటర్లు నడచు బండికి 1,250 లీటర్లు కావలెను. 20 కిలోమీటర్లు నడచుదానికి 750 లీటర్లు చాలును. లీటరు 100 రూపాయలనుకొన్నను, మన రాష్ట్రమున 2021లోనే ధర ఆ హద్దు దాటినది, ఏటికి 50,000 రూపాయలు మిగులును. ఎనిమిదేండ్లకు నాలుగు లక్షలు! ఒక లీటరు పెట్రోలు కాలినచో రమారమి 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. కావున ఏటికి 1,150 కిలోల వాయువును తగ్గును. ధనము మిగుల్చు మార్గమును, పొగ తగ్గించు మార్గమును ఇచట ఒక్కటియే. ఇచ్ఛాపురము దాటి ఒరిస్సాలో పెట్రోలు పోయించుకొని లీటరుకు కొలది రూపాయలు మిగుల్చుకొనువారు కలరు. కొనునాడే వివేకించినచో నూటికి 40 వంతులు మిగులునని వారేల గమనింపరు?

ఇచట ఒక భ్రాంతిని తొలగింపవలసియున్నది. లీటరుకు ఐదు కిలోమీటర్లు పెరుగుట యెచ్చటనైనను ఒకే లాభమని పలువురు తలచుచున్నారు. అది సరికాదు. 10,000 కిలోమీటర్ల ప్రయాణమున 10 నుండి 15కు మారినవానికి 333 లీటర్లు మిగులును. 20 నుండి 25కు మారినవానికి 100 లీటర్లే మిగులును. కాబట్టి అత్యధికముగా త్రాగు బండిని విడనాడుటయే ముఖ్యము. ఇదివరకే మితముగా త్రాగుబండి గలవారు మరికొంత మైలేజీకై లక్షలు అదనముగా పోయుట లాభము కాదు.

కంపెనీవారు ప్రకటించు అంకెను యథాతథముగా నమ్మరాదు. అది ప్రయోగశాలలో, 90 కిలోమీటర్లకు మించని వేగమున తేల్చిన అంకె. జాతీయరహదారిపై నూరు దాటి పరుగెత్తించువారికిని, సాలూరు దాటి ఘాటురోడ్డెక్కువారికిని అది దక్కదు. అట్టి బండిని ఇదివరకే నడుపుచున్నవారిని విచారించుట మేలు. సాలూరు లారీలకు పేరుగాంచిన పట్టణము. లారీ నడిపి బ్రతుకువాడు పోసిన డీజిలును, నడచిన దూరమును లెక్క చూచుకొనకున్నచో నిలువలేడు. ఆ వృత్తివారి విద్యను సొంత కారుగలవారును అభ్యసింపవలెను.

విద్యుత్తు కార్ల మాట యేమి? విజయనగరమునుండి విశాఖపట్టణము రమారమి 60 కిలోమీటర్లు. నిత్యము పోయివచ్చు ఉద్యోగికి ఇంట చార్జి చేసికొను సౌకర్యమున్నచో, దారిఖర్చు పెట్రోలుఖర్చులో మూడవవంతునకు మించదు. వానిపై జి.ఎస్.టి. నూటికి 5 మాత్రమే. అయితే దేశమున విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గునుండి పుట్టుచున్నది. కావున అది బొత్తిగా పొగలేని బండి యనుట సత్యము కాదు; పొగ తక్కువ బండి యనుట సత్యము. ఇంటికప్పుపై సూర్యఫలకములు గలవారికి ఆ దోషమును చాలవరకు తీరును. మరియొక విషయము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినపుడు ఉద్దానము దినములతరబడి చీకటిలో మునిగినది. ఇంటికంతటికి ఒకే బండి గల తీరగ్రామవాసి దీనిని యోచించి మరీ నిర్ణయింపవలెను.

పెద్ద కుటుంబమునకు పెద్దబండి వలదా యని కొందరడుగుదురు. నిత్యము ఏడుగురు పయనించు ఇంట పెద్దబండి న్యాయమే. అందును మితముగా త్రాగుదానిని ఎన్నుకొనవచ్చును. కాని ఏటికి రెండు పెండ్లిండ్లకును, ఒక అరసవల్లి యాత్రకును అక్కరపడు ఎత్తుబండిలో తక్కిన దినములన్నియు ఒక్కడే తిరుగుట వ్యర్థవ్యయము. ఆ కొలది దినములకు అద్దెబండి చాలును. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై జి.ఎస్.టి. నూటికి 18, పెద్దవానిపై 40. పెండ్లికి అల్లునకు ఘనమైన కారునిచ్చి గౌరవము పొందగోరు మామలును ఒకటి తెలియవలెను: బండి నిచ్చువారు వారు, దానిని జీవితాంతము మేపువారు పిల్లలు.

మన దేశము వాడు ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా పరదేశములనుండి వచ్చుచున్నది. విశాఖపట్టణమున 1957 నుండి చమురు శుద్ధియగుచున్నను, మన పొలముల రాబడి ఓడలెక్కి పోవుట ఆగలేదు. ఈ మండలమునకు పొగయొక్క మూల్యము తెలియును. 2010 జూలై 14న సోంపేటలోను, 2011లో కాకరాపల్లిలోను విద్యుత్కేంద్రముల నెదిరించిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణములు పోయినవి. బీలభూములపై బూడిద పడరాదని అంతటి త్యాగము చేసిన గడ్డపై, మన వాకిట నిలుపు బండి పొగను గూర్చి మౌనము వహించుట తగునా?

కావున కొనబోవువారికి మా సలహా ఇది. అంగడికి పోకముందే ఏటికి తిరుగు దూరము, బండి నిజముగా నడచు మైలేజీ, అట్టిపెట్టుకొను సంవత్సరములు, ఈ మూడును కాగితముపై వ్రాయుడు. చమురుఖర్చును వెలకు కూడుడు. ఆ మొత్తమే బండి యసలు ధర. ఆ కాగితమును చూపి బేరమాడువారు పదిమంది యయినచో అమ్మువారి మాటయు మారును.