రెండు కొసల నిలిచిన బాలుడు

ఈ మాసము మేము ఊరగాయల విషయము వ్రాయదలచి కాగితము ముందిడుకొని యుంటిమి. అంతలో మా వారు బడినుండి వచ్చి పొడవైన ఛాయాపటమొకటి మా చేతికిచ్చి, "ఇందులో వింత యేమో చూడుము" అనిరి. పిల్లలు వందమందికి పైగా వరుసగా నిలిచియున్నారు. ఎడమకొసను గుండీ యూడిన చొక్కాతో నొక బాలుడు నవ్వుచున్నాడు. కుడికొసను అదే బాలుడు, అదే చొక్కాతో, మరింత నవ్వుచున్నాడు.

వాడెవరిచేతనో కంప్యూటరులో పటమును మార్పించినాడని బడిలో నొక పెద్దమనిషి నిశ్చయించి, తండ్రిని పిలుచుకొని రమ్మనెనట. "నేను వెనుకనుండి పరుగెత్తితినండి, అంతే" యని వాడెంత మొరపెట్టినను వినినవారు లేరు. తండ్రి కూలికి పోవువాడు; బడికి వచ్చిననాడు కూలి పోవును. కావున సోదరీమణులారా, ఊరగాయలు వచ్చే నెలకు. ఈ పటమెట్లు పుట్టినదో ముందు చూతము.

మనమెరిగిన కెమెరా బందరు అద్దకమువంటిది. అచ్చు ఒక్కమారు ఒత్తినచో పువ్వు, తీగ, ఆకు సమస్తమును ఒకేసారి బట్టపై దిగును. అట్లుగాక మగ్గముపై నేసినట్లు పటమును పోగుపోగుగా నేయు కెమెరా మరియొకటి కలదు. దానిని లైన్ స్కాన్ కెమెరా యందురు. దాని లోపల వెలుతురును గ్రహించు గళ్ళు పలకవలె పరచియుండవు. నిలువుగా నొక్క సన్నని వరుస మాత్రమే యుండును. అది చూచునదెల్ల తలుపుసందున కనబడునంత నిలువు గీతయే. కెమెరాను చిన్న మోటారు మెల్లగా త్రిప్పుచుండగా, గీత వెనుక గీత చేరి పటము పెరుగును.

పటమింత నిశితముగా నుండుటకు కారణమిదియే. వరుసలో 5,000 గళ్ళున్నవనుకొనుడు. కెమెరా ఒక చుట్టు తిరుగులోపల 20,000 గీతలు గ్రహించెనేని, పది కోట్ల చుక్కల పటము సిద్ధమగును. గీతకు సెకనులో నూరవవంతు పట్టినచో మొత్తమునకు 200 సెకనులు, అనగా మూడు నిమిషముల పైమాట. మన పప్పు ఒక పొంగు వచ్చునంత సేపు! అందుచే ఆ పటములో ఎడమ అంచు ఒక కాలము, కుడి అంచు మరియొక కాలము. భవభూతి ఉత్తరరామచరితమున మొదటి యంకములో సీతమ్మ చూచిన చిత్రములలో గడచిన దినములన్నియు ప్రక్కప్రక్కనే యున్నట్లు, ఇందును గడచిన క్షణములు ప్రక్కప్రక్కనే యుండును.

ఇక చిక్కులును నేతలోని చిక్కులే. కెమెరా తిరుగు దిక్కుగానే నడచువాడు పటములో సాగిపోవును. ఎదురు నడచువాడు చీపురుపుల్లవలె సన్నబడును. ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు వేరువేరు వరుసలున్న కెమెరాలలో గాలికి కదలిన ఆకుల అంచులకు లేని రంగులు పూయును. మన కరెంటు దీపములు కొన్ని సెకనుకు నూరుమారులు వెలుగు హెచ్చి తగ్గునవి గనుక, వాని క్రింద తీసిన పటమున నిలువు చారలు పడవచ్చును. కెమెరా తన కటకపు కన్ను ఇరుసుగా తిరుగవలెను. లేకున్న దగ్గరి స్తంభము దూరపు కొండమీద జరిగినట్లు కనబడును. ఒక కన్ను మూసి, వ్రేలు ముందుంచుకొని తల త్రిప్పిన మీకే తెలియును.

ఇది నేటి విద్య మాత్రమే కాదు. అమెరికాలో విలియం జాన్‌స్టన్ అనునాతడు సర్కట్ కెమెరాకు 1904లో పేటెంటు పొందెను. గడియారమువలె కీలు త్రిప్పినచో అది తిరుగుచుండ, లోపల ఫిల్ము సన్నని సందు వెనుక దానికి తగిన వేగమున జరుగుచుండును. పెద్ద గుంపుల పటములు దానితో తీసెడివారు. జనమును తిన్నని వరుసగా నిలిపిన నడుమనున్నవారు పెద్దగాను, కొసలవారు చిన్నగాను పడుదురు. అందుచే కెమెరా చుట్టు విల్లువలె వంపుగా నిలిపెడివారు. అప్పటి కొంటెపిల్లలును గుంపు వెనుకనుండి పరుగెత్తి రెండు కొసలను నవ్వినవారే! 1976 జూలై 20న అంగారకునిపై దిగిన వైకింగ్ 1 సైతము, చిన్న యద్దమును క్రిందికి మీదికి ఆడించుచు, మెల్లగా ప్రక్కకు తిరుగుచు, నిలువు గీతలుగానే అచ్చటి రాళ్ళ పటమును నేసి పంపెను.

మన సెల్‌ఫోనులోని పనోరమాకు ఒంటి వరుస లేదు. అది వెంటవెంట తీసిన పటములనుండి పీలికలు గైకొని కుట్టును. నేతకు బదులు బొంత. అయినను కాలము జరుగుట మాత్రమట్లే. బడిలో జరిగినదియు నిదియే.

ఇంత చెప్పినను నమ్మనివారుందురని, మరునాడు మా వారు ఆ పెద్దమనిషినే వరుసలో ఎడమకొసను నిలిపి, ఫోను తన్ను దాటగానే వెనుకనుండి కుడికొసకు పరుగెత్తుమనిరట. ఆయన యేబదియేండ్లవాడు, పంచె ఎగగట్టి పరుగెత్తెను. పటములో రెండవమారు రొప్పుచు పడినాడు. పిల్లలు నవ్వినారు, ఆయనయు నవ్వినాడు, తండ్రిని పిలువనక్కరలేదనినాడు.

మొదటి పటము నకలొకటి ఆ బాలుని తల్లి అడిగి పుచ్చుకొన్నది. గుండీ కుట్టక పంపితినే యని రెండు చోట్లను చూచి నొచ్చుకొన్నదట.