విశాఖ వంతెనలు - విదేశ ఋణము

విశాఖపట్టణపు రహదారిమీద సుమారు 20 కిలోమీటర్ల మేర రెండంతస్తుల వంతెన కట్టవలెనని రాష్ట్రప్రభుత్వము సంకల్పించినది. నేలమీద ఇప్పటి బాట, దానిపైన బండ్లు పోవు వంతెన, అంతకుపైన మెట్రో రైలు: ఇది పథకము. విశాఖకు మెట్రో రైలు సాధ్యమగునో కాదో పరిశీలింపవలెనని 2014నాటి పునర్విభజన చట్టపు 13వ షెడ్యూలు చెప్పినది. 2025లో టెండర్లు పిలిచిరి. ద్రవ్యమునకై విదేశీ ఋణసంస్థలతో సంప్రతింపులు జరిపిరి. ఈ వంతెన వలదని మేమనము. అది ఎవరి అప్పుతో లేచునో, ఎవరికి బాట యగునో ముందుగా పౌరులకు తెలియవలెనని మాత్రము చెప్పుచున్నాము.

అవసరము నిజమైనదే. ఉత్తరమున సింహాచలము కొండలు, దక్షిణమున యారాడకొండ, తూర్పున సముద్రము. నడుమ మేఘాద్రిగెడ్డ వచ్చి కలియు పల్లపునేల, అందే నౌకాశ్రయము. ఆ నౌకాశ్రయము 1933లో తెఱవబడినది. 1901 జనాభా లెక్కలలో 41 వేలకు మించని ఊరు 2011 నాటికి 17 లక్షలు దాటినది. ఊరు పెరిగినది గాని కొండలు తొలగలేదు, సముద్రము వెనుకకు పోలేదు. గాజువాకనుండి మధురవాడకు పోవలసినవాడు ఎన్.ఏ.డి., తాటిచెట్లపాలెము, మద్దిలపాలెము, హనుమంతవాక కూడళ్లను వరుసగా దాటవలసినదే. కర్మాగారమునకు పోవు కార్మికుడు, కళాశాలకు పోవు విద్యార్థి, ఆసుపత్రికి పోవు రోగి, రేవునుండి సరకు మోయు లారీ, అందఱును ఒకే ఇఱుకు త్రోవలో ఒకరినొకరు ఒఱసికొని పోవుచున్నారు.

ఆశీలుమెట్టకడ తెలుగుతల్లి పేరిట ఒక పైవంతెన, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డుకడ మఱియొకటి ఇంతకుముందే కట్టిరి. అవి ఉపకరింపలేదనుట అసత్యము. కాని వంతెన యెక్కిన బండ్లన్నియు ఎక్కడనో ఒకచోట దిగవలసినవే. దిగినచోట బాట ఇఱుకైనచో, ఒక కూడలిలో నిలిచెడు బండి తరువాతి కూడలిలో నిలుచును. ఇంతే భేదము. ఆనందపురమునుండి పెందుర్తి, సబ్బవరములమీదుగా అనకాపల్లికి వేసిన ఆఱు వరుసల రహదారి, ఊరితో పనిలేని లారీలకు వెలుపలినుండియే త్రోవ చూపినది. ఊరినడుమ ఒక్క స్తంభమైన నాటకయే జరిగిన మేలు ఇది. వంతెన ఒక ఉపాయమే కాని సర్వరోగ నివారిణి కాదని దీనివలన గ్రహింపవలెను.

ఇక ధనముమాట. విదేశ సహాయమని తఱచుగా వినుచున్నాము. ఇందు అధికభాగము సహాయము కాదు, అప్పు. విదేశపు సొమ్మనగానే ముఖము చిట్లించువారము కాము. సోవియట్ సహకారముతో ఇచట ఉక్కు కర్మాగారము లేచినది. 1980 దశకపు చివర బ్రిటిషు ప్రభుత్వపు ధనముతో ఈ ఊరి పేదల వాడలలో బాటలు, నీరు, మురుగుకాలువలు బాగుపడినవి. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను ఊరిని మొదలంట కుదిపినపిమ్మట ప్రపంచబ్యాంకు ఋణముతో విద్యుత్తు తీగలను భూమిలోనికి దింపిరి. ఇవి పనికివచ్చిన పనులు. అయినను అప్పును అప్పనియే పిలువవలెను.

రాజ్యాంగపు 293వ అధికరణము ననుసరించి రాష్ట్రము భారతదేశము లోపలనే అప్పు చేయగలదు. విదేశపు అప్పును కేంద్రప్రభుత్వము చేసి రాష్ట్రమునకు అందించును. 2005నుండి సామాన్య రాష్ట్రములకు ఆ అప్పును తెచ్చిన షరతులతోనే బదలాయించుచున్నారు. అనగా నాణెముల మారకమువలన కలుగు నష్టము రాష్ట్రముదే. 1990లో డాలరొక్కటికి సుమారు 17 రూపాయలు చెల్లినవి. 2025లో 85 పైబడినవి. వడ్డీ స్వల్పమని మురియువారు ఈ లెక్కను గూడ చూచుకొనవలెను. ఇట్టి ఋణములకు ముప్పదేండ్ల గడువు సామాన్యము. పునాది వేసిననాడు పుట్టిన బిడ్డ ఎదిగి పన్ను కట్టునాటికిని అసలు తీఱదు.

అప్పు అందఱిదైనప్పుడు బాటయు అందఱిదే కావలెను. ముంబయిలో జపానుదేశపు జైకా సంస్థ ఋణముతో దాదాపు 22 కిలోమీటర్ల సముద్రవంతెన కట్టి 2024 జనవరి 12వ తేదీని తెఱచిరి. నిర్మాణము గొప్పదే. కాని దానిమీద మోటారుసైకిలు పోరాదు, ఆటో పోరాదు, నడచువాడు పోరాదు. కారు ఒక్కసారి దాటుటకు 250 రూపాయల సుంకము పెట్టిరి. హైదరాబాదు చుట్టునున్న 158 కిలోమీటర్ల వలయరహదారిలో కొన్ని భాగములు ఆ సంస్థ ఋణముతోనే వేసిరి. 2023లో ఆ రహదారి సుంకమును వసూలు చేసికొను హక్కును 7,380 కోట్ల రూపాయలకు ఒక ప్రయివేటు కంపెనీకి 30 ఏండ్ల కౌలున కిచ్చిరి. అప్పు ప్రజల పేర, సుంకము ప్రజల చేతినుండి, ఆ సుంకముపై హక్కు మఱియొకరికి! చట్టము దీనికి ఒప్పవచ్చును. అయినను ఇట్టి మాట అప్పు చేయునాడే ప్రజలకు చెప్పుట ధర్మము. ఆశీలనగా సుంకమని ఆశీలుమెట్టగల ఊరివారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

విశాఖలో పొద్దున పనికి పోవువారిని చూడుడు. ద్విచక్రవాహనము, సిటీబస్సు, ఆటో, కాలినడక: ఇవే వారి సాధనములు. చేపలతట్ట నెత్తిన పెట్టుకొని చేపలరేవునుండి బజారునకు పోవు స్త్రీకి పైవంతెనతో పనియేమి? ఆమెకు వంతెన క్రింద బాట దాటుటకు తావు కావలెను. ఆమె కొను ఉప్పుమీద గాకున్నను నూనెమీద, సబ్బుమీద చెల్లించు పన్నునుండియే ఈ అప్పు తీఱవలసియున్నది.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, వడ్డీ యెంత, గడువెంత, ఏ నాణెమున తీర్పవలెను, తీర్చువారెవరు అను షరతులను తెనుగున ముద్రించి, సంతకమునకు ముందే నగరపాలక సంస్థయందును గ్రంథాలయములందును ఉంచవలెను. 2012 మొదలు 2021 వఱకు ఈ మహానగరమునకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. తుపాను ఋణము ఆ నడుమనే వచ్చినది. ఊరి పక్షమున అడుగువారు లేనికాలమున అప్పు చేయుట మఱల జరుగరాదు. రెండవది, వంతెనమీద సిటీబస్సునకును ద్విచక్రవాహనమునకును హక్కుండవలెను. క్రింద నడచువారికి కాలిబాట విడువవలెను. మూడవది, సుంకము విధింతురా, కౌలునకిత్తురా అను మాట అప్పు చేయునాడే తేల్పవలెను. నాడు చెప్పనిది పిదప చేయరాదు. నాల్గవది, రేవు లారీలను వేఱు దారిని నడపవలెను. లేనిచో ఊరికై కట్టిన వంతెన సరకుల వంతెన యగును.

ఇట్లు విచారణలు పెట్టినచో పని ఆలస్యమగునని అధికారులందురు. ముప్పదేండ్లు తీర్పవలసిన అప్పునకు ముప్పది దినముల విచారణ అధికము కాదు. లోపములను కాగితముమీద దిద్దుట సులభము. స్తంభములు లేచినపిదప దిద్దుట దుర్లభము.

ఏఱు దాటువఱకు ఓడమల్లయ్య, దాటినపిదప బోడిమల్లయ్య యను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు. ఉక్కు కర్మాగారము విశాఖకే రావలెనని 1966లో జరిగిన ఉద్యమమున 32 మంది ప్రాణములర్పించిరి. 2021 జనవరిలో ఆ కర్మాగారపు వాటాలన్నియు విక్రయింప కేంద్రము సూత్రప్రాయముగా నిర్ణయించినప్పుడు, సాధించినవారి మాట ఎవరడిగిరి? ప్రజలు మేల్కొని యుండనిచో ప్రజల ఆస్తి నిలువదు.

ఈ ఊరి పఠనమందిరములకు వచ్చు సోదరులకు మా విన్నపమొకటి. 2005నాటి సమాచారహక్కు చట్టము మన చేతనున్నది. దరఖాస్తు రుసుము పది రూపాయలు. మందిరమునకొకరు చొప్పున వంతెన ఋణపు షరతులను కోరుచు దరఖాస్తు పంపుడు. వచ్చిన ప్రత్యుత్తరమును గోడకంటించి పదిమందికి చదివి వినిపింపుడు. అప్పు తీర్చువారు అప్పుపత్రమును చదువుట అమర్యాద కాదు. అది వారి హక్కు.