బావికి హద్దు ఎంత?

జూన్, జూలై మాసాలు వచ్చాయంటే మదరసాకు వచ్చే పెద్దల ప్రశ్నలు మారిపోతాయి. తక్కిన కాలమంతా వారసత్వం, జకాత్, వడ్డీ, తలాఖుల గురించి అడిగేవారు ఈ రెండు మాసాలు మాత్రం కాలేజీ సీట్ల గురించి అడుగుతారు. నేను చదివినది దీనీ విద్య. ఇంజనీరింగు కళాశాల గడప తొక్కినవాడను కాను. అయినా అడుగుతారు. ఈసారి ఒక తండ్రి ప్రశ్న ఇది: “మౌలానా, మా వాడికి కంప్యూటర్ సైన్సు రాలేదు, సివిల్ వచ్చింది. ఒక సంవత్సరం ఆపి మళ్ళీ పరీక్ష రాయించమంటారా?”

దీనికి జవాబు చెప్పాలంటే నాలుగేళ్ళ నాటి ఒక సంగతి చెప్పాలి. అందులో నా తప్పు కూడా ఉంది.

మదరసా గోడకు ఆనుకొని ఒక దర్జీ ఇల్లు ఉంది. ఆయన ఒక రాత్రి ఇషా నమాజు తరువాత వచ్చి, తన కుమార్తె ఎంసెట్ కౌన్సెలింగులో మొదటి ఎంపికగానే సివిల్ పెట్టుకుందని, సీటు కూడా వచ్చిందని, బంధువులు నవ్వుతున్నారని చెప్పాడు. “సిమెంటు, ఇసుక, కూలీల మధ్య ఆడపిల్ల ఏం చేస్తుంది మౌలానా? మీరు చెబితే వింటుంది” అన్నాడు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. మరునాడు అస్ర్ తరువాత వారింటికి వెళ్ళి, తల్లిదండ్రుల సమక్షంలో ఆ అమ్మాయికి చాలాసేపు హితవు చెప్పాను. ఆమె ఓపికగా విని ఒకే ఒక ప్రశ్న వేసింది.

“ఉస్తాద్, ఆదివారం దర్సులో పొరుగువారి హక్కుల గురించి చెబుతూ బావి హరీమ్ మాట చెప్పారు కదా. మదరసా బోరుకూ మా బోరుకూ మధ్య ఎన్ని మూరలు?”

నేను మాట్లాడలేకపోయాను. ఆమే చెప్పింది: “ఇరవై ఆరు. నేను కొలిచాను. మీరు బోరు వేయించిన మరుసటి వేసవిలో మా బోరు ఎండిపోయింది. అల్లాహ్ చిత్తం అన్నారు అబ్బా. అల్లాహ్ చిత్తమే, కాదనను. కాని ఆ చిత్తం ఏ కారణం ద్వారా జరిగిందో తెలుసుకోవాలని ఉంది. అది నేర్పే చదువు ఇదేనని మా మేడమ్ చెప్పారు.”

ఆ దర్జీ అన్నేళ్ళలో ఒక్కనాడు కూడా నాతో ఈ మాట ఎత్తలేదు. మేము బోరు వేయించినప్పుడు అనుమతి సంగతి విచారించామా అంటే, అదీ లేదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో నీరు, భూమి, చెట్ల రక్షణకు ఒక చట్టం వచ్చింది. జనం దాన్ని ‘వాల్టా’ అంటారు. బోర్ల మధ్య దూరం గురించి అది కూడా మాట్లాడుతుంది. మేము లారీని పిలిపించి, దుఆ చేసి, తవ్వించాము. అంతే.

హరీమ్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం కొంత వివరిస్తాను. ఎవరైనా బంజరు భూమిలో బావి తవ్వి దాన్ని వినియోగంలోకి తెస్తే, ఆ బావి చుట్టూ కొంత మేర అతనికి రక్షిత ప్రదేశం అవుతుంది. అందులో మరొకరు బావి తవ్వరాదు. మన హనఫీ గ్రంథం ‘హిదాయా’లో పశువులకు నీరు పెట్టే బావికి నలభై మూరలు, ఊటకు ఐదు వందల మూరలు అని ఉంటుంది. నేను ఈ పాఠం పాతికేళ్ళుగా చెబుతున్నాను. విద్యార్థులు అంకెలు కంఠస్థం చేస్తారు, పరీక్షలో రాస్తారు, మరచిపోతారు.

ఆ పాఠంలోనే మరొక మాట ఉంది. ఈ కొలతలు అరబ్బుల గట్టి నేలను బట్టి చెప్పినవని, తమ ప్రాంతపు నేల మెత్తనిది గనుక అక్కడ దూరం పెంచాలని, లేకుంటే మొదటి బావి నీరు రెండవ దానిలోకి మళ్ళి మొదటిది నిరుపయోగమవుతుందని కొందరి అభిప్రాయాన్ని గ్రంథకర్త మర్గీనానీ (రహ్మ) పేర్కొన్నారు. ఆయన 12వ శతాబ్దానికి చెందిన ఫర్గానా పండితులు. ఈ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివించానో లెక్కలేదు. నేల గట్టిదనానికీ బావి హద్దుకూ ఏమిటి సంబంధమని ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు.

ఆ సంబంధాన్ని తరువాత ఆ అమ్మాయే, రెండవ సంవత్సరం సెలవుల్లో, కాగితం మీద బొమ్మ గీసి చూపింది. బోరు నుండి నీరు తోడినప్పుడు భూగర్భజలం మట్టం అంతటా సమానంగా దిగదట. బోరు దగ్గర ఎక్కువగా, దూరం పోయిన కొద్దీ తక్కువగా, గరాటు ఆకారంలో దిగుతుంది. పక్కన మరో బోరు ఉంటే రెండు గరాటులు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. అప్పుడు రెండు చోట్లా మట్టం ఇంకా పడిపోతుంది. తక్కువ లోతున్నదే ముందు ఎండుతుంది. నీరు సులువుగా పారే వదులు నేలలో గరాటు ఎక్కువ దూరం పరచుకుంటుంది. 1856లో ఫ్రాన్సులోని దిజాన్ నగరానికి నీటి సరఫరా చేసిన హెన్రీ డార్సీ అనే ఇంజనీరు ఇసుక గుండా నీరు పారే వేగానికి సూత్రం కట్టాడు; ఈ శాస్త్రమంతా దాని మీదనే లేచిందట. మన ఫుఖహాల వద్ద ఆ లెక్క లేదు. కాని ఏం జరుగుతుందో వారికి తెలుసు, దాని మీద హక్కును నిలబెట్టారు.

మరి మన తెలంగాణ నేల? ఎక్కువ భాగం గ్రానైటు వంటి గట్టి రాయి. పైన కొంత శిథిలమైన పొర, దాని కింద రాతి పగుళ్ళు. నీరు ఉంటే వాటిలోనే. పగులు ఏ దిక్కుగా పోతే ప్రభావం ఆ దిక్కుగా పోతుంది. కనుక ఒకచోట ఇరవై మూరల దూరపు బోరుకు ఏమీ కాకపోవచ్చు, మరోచోట వంద మూరల దూరపు బోరు ఎండవచ్చు. కొలిస్తే గాని తెలియదు.

ఇక్కడ ఒక ఫిఖ్హ్ వివరణ ఇవ్వకపోతే నా తోటి ఉలమాలు నన్ను నిలదీస్తారు. హరీమ్ నియమం బంజరు భూమికి సంబంధించినది. సొంత స్థలంలో బావి తవ్వుకున్నందువల్ల పొరుగువాని బావి నీరు తగ్గితే పరిహారం చెల్లించనక్కర లేదని మన ఫుఖహాలు రాశారు. నిజమే. నేను ఆ మసఅలా చాటున దాక్కొని ఉండవచ్చు. కాని హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్న దైవప్రవక్త (స) బోధనను కూడా నేనే విద్యార్థులకు చెబుతాను. మదీనాలో రాతినేల నుండి వచ్చే కాలువ విషయంలో హజ్రత్ జుబైర్ (రజి)కూ ఒక అన్సారీకీ వివాదం వచ్చినప్పుడు ఆయన (స) మొదట చెప్పిన తీర్పు, జుబైర్ (రజి) తన తోటకు పెట్టుకొని తరువాత పొరుగువానికి వదలాలని. ఎగువవాని హక్కుకు ముగింపు ఎక్కడో ఆ తీర్పులోనే ఉంది.

ఇక చదువు సంగతి. తల్లిదండ్రులు మొదట తెలుసుకోవలసినది, నాలుగేళ్ళ బి.టెక్.లో చాలా కళాశాలల్లో పట్టా ‘సివిల్’ అనే వస్తుంది. సర్వే, నిర్మాణ పదార్థాల బలం, కాంక్రీటు, మట్టి శాస్త్రం అందరూ చదవాలి. నీటికి సంబంధించి ద్రవ యాంత్రిక శాస్త్రం, హైడ్రాలజీ, నీటిపారుదల కట్టడాలు, తాగునీరు, మురుగునీటి పాఠాలు ఉంటాయి. చివరి రెండేళ్ళలో ఐచ్ఛిక విషయాలు కొన్ని ఎంచుకోవచ్చు. అసలైన ప్రత్యేకత ఎం.టెక్.లో వస్తుంది. దానికి గేట్ పరీక్ష రాయాలి. మనకు దగ్గరలో వరంగల్ ఎన్.ఐ.టి.లో నీటి వనరుల ఇంజనీరింగు ఉంది. రూర్కీ ఐ.ఐ.టి.లో నీటి వనరులకు 1955 నుండి ప్రత్యేక విభాగమే ఉంది. ఆ రూర్కీ కళాశాల 1847లో పుట్టినదే గంగా కాలువ తవ్వకానికి ఇంజనీర్లు కావలసి రావడం వల్ల. ఈ దేశంలో ఇంజనీరింగు చదువే నీటి కోసం మొదలైందంటే మన బంధువులు నమ్మరు. పదవ తరగతి తరువాత పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేసినవారు ఈసెట్ ద్వారా నేరుగా బి.టెక్. రెండవ సంవత్సరంలో చేరవచ్చు. చేతిలో డబ్బు తక్కువ ఉన్న ఇళ్ళకు ఈ దారి మంచిది.

వారు నేర్చుకునేది ఏమిటో ఒక్క ఉదాహరణ చెబుతాను. మన ఊళ్ళ గొలుసుకట్టు చెరువులు చూడండి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువులో పడుతుంది, అది నిండితే దాని కిందిదానిలో. మత్తడి ఎంత పొడవు ఉండాలి? పొట్టిదైతే పెద్ద వాన నాడు నీరు బయటికి పోయే వేగం చాలక కట్ట మీదుగా పొర్లుతుంది. మట్టి కట్ట మీదుగా నీరు పొర్లిందా, అది తెగినట్లే. పై కట్ట తెగితే కింది చెరువులన్నీ వరుసగా తెగుతాయి. కాబట్టి ఆ చెరువులోకి ఎంత విస్తీర్ణం నుండి నీరు వస్తుంది, యాభై ఏళ్ళకో వందేళ్ళకో ఒకసారి వచ్చే వాన ఎంత, అందులో నేల తాగేది ఎంత, పారేది ఎంత, అన్నీ లెక్క కట్టాలి. ఈ లెక్క తప్పితే చనిపోయేది మనుషులు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు ఎగువన చెరువులు తెగడం ఆ విపత్తును పెంచింది. ఆ తరువాతనే విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయింది.

మన పిల్లలకు ఆ కాలపు మరొక పేరు కూడా చెప్పాలి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1877 జూలై 11న పుట్టారు, ఇంగ్లండులో ఇంజనీరింగు చదివారు, నిజాం రాష్ట్రానికి చీఫ్ ఇంజనీరు అయ్యారు. మంజీరా మీద నిజాం సాగర్ ఆయన హయాంలోనిది. తెలంగాణ ప్రభుత్వం ఆయన పుట్టినరోజును ఇంజనీర్ల దినంగా జరుపుతోంది. బోధన్ వైపు వరి తిన్న ఎన్ని కుటుంబాలకు ఆయన పేరు తెలుసు?

వెనుకటి దర్జీ ప్రశ్నలో కొంత న్యాయం ఉందని కూడా ఒప్పుకోవాలి. ఈ చదువుకు సాఫ్ట్‌వేర్ జీతాలు మొదట్లో రావు. ప్రభుత్వ ఏ.ఈ.ఈ. ఉద్యోగాల ప్రకటన ప్రతి సంవత్సరం వెలువడదు. క్షేత్రానికి వెళ్ళవలసిన పని తప్పక ఉంటుంది. ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. భూగర్భజలాల లెక్కలు, పటాల తయారీ, డిజైను, ప్రయోగశాల, బోధన వంటివి గదిలో కూర్చొని చేసేవి కూడా ఉన్నాయి. అమ్మాయిని పంపే తండ్రి కళాశాల దూరం, హాస్టలు, ప్రయాణం, నమాజుకు చోటు వంటివన్నీ విచారించాలి. అది ఆయన బాధ్యత. కాని బంధువుల నవ్వును ఆ విచారణలో చేర్చకూడదు. సమాజానికి తప్పనిసరి అయిన విద్య ఫర్జె కిఫాయా అని ఉలమాలు చెప్పారు. వైద్యాన్ని, గణితాన్ని ఉదాహరణగా చూపారు. వుజూ నీటి మసఅలాతో మొదలయ్యే ఫిఖ్హ్‌ను పిల్లలకు చెబుతూ, ఆ నీరు ఎక్కడి నుండి వస్తుందో తెలిసినవారు మన బస్తీలో ఒక్కరూ లేకపోవడం నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

గత అక్టోబరులో, చివరి సంవత్సరం దసరా సెలవుల్లో, ఆ అమ్మాయి టేపుతో, దాని కొసకు కట్టిన బరువుతో వచ్చింది. వానలు పడ్డాయి గనుక వారి పాత బోరులో కొంత నీరు చేరి ఉంది. ఉదయం ఎనిమిది గంటలకు ఆమె తమ బోరులో నీటి మట్టం కొలిచింది: 21 మీటర్ల 40 సెంటీమీటర్లు. నన్ను మదరసా మోటారు వేయమంది. మొదట పది నిమిషాలకోసారి, తరువాత అరగంటకోసారి కొలుస్తూ పోయింది. తండ్రి టార్చి పట్టుకున్నాడు. నేను అంకెలు రాశాను. పన్నెండు గంటలకు 24 మీటర్ల 15. మోటారు ఆపించి కొలవడం కొనసాగించింది. అస్ర్ వేళకు నీరు తిరిగి 22 దాకా వచ్చింది.

“ఒక్క రోజు పరీక్షతో అంతా చెప్పలేము ఉస్తాద్. బస్తీలో ఇంకా బోర్లు ఉన్నాయి, ఆ సంవత్సరం వానలు కూడా తక్కువే. కాని కింద రెండింటికీ సంబంధం ఉంది” అంది.

నేను ఆమె తండ్రిని మాఫీ అడిగాను. ఆయన ఏమీ అనకుండా టేపు చుట్టాడు.

మరుసటి జుమా నాడు కమిటీ కూర్చుంది. కరెంటు బిల్లు ఎవరు కడతారని ఒక సభ్యుడు అడ్డు చెప్పాడు, తరువాత ఒప్పుకున్నాడు. మదరసా ట్యాంకు నుండి వారింటికి పైపు వేశాము. మోటారు ఇప్పుడు పొద్దున రెండు గంటలే నడుస్తుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరట. మా కప్పు 300 చదరపు మీటర్లు, ఏడాదికి 700 మిల్లీమీటర్లు అనుకుంటే 2,10,000 లీటర్లు. ఇన్నేళ్ళూ అది వీధి కాలువలోకి పోయింది. ఈ వేసవిలో రెండు బోర్ల మధ్య ఇంకుడు గుంత తవ్వి కప్పు నీటిని దానిలోకి మళ్ళించాము. గుంత ఎక్కడ ఉండాలో, అందులో రాళ్ళు, గులకలు, ఇసుక ఏ వరుసలో వేయాలో ఆమే చెప్పింది. ఫిబ్రవరిలో గేట్ రాసింది, ఎం.టెక్. సీటు కోసం ఎదురు చూస్తోంది.

ఈ సంవత్సరం ప్రశ్న అడిగిన తండ్రికి నేనేమీ ఉపదేశించలేదు. పక్కనున్న దర్జీ దుకాణం చూపించాను. అక్కడ గంటసేపు కూర్చొని, వెళుతూ వెళుతూ ఇంకుడు గుంత మూత ఎత్తి చూసి వెళ్ళాడు.