జపాన్ ఫోన్ చౌకే, కానీ మన తండాలో మోగుతుందా?

పోస్టు కొంచెం పొడుగే. ఓపికగా చదవండి, డబ్బులు పెట్టే ముందు పనికొస్తుంది.

ఈ మధ్య మన హాస్టళ్లలో జపాన్ ఫోన్ల మాట ఎక్కువయింది. షార్ప్ ఆక్వోస్, సోనీ ఎక్స్‌పీరియా, ఫుజిత్సు యారోస్. అక్కడోళ్లు వాడి వదిలేసినవి చేతులు మారి ఇక్కడికొస్తాయి. కెమెరా బాగుంటుంది, నీళ్లలో పడినా చెడిపోదు, ధర మాత్రం అలాంటి కొత్త ఫోన్‌లో సగం కూడా ఉండదు. అందుకే "తీసుకోవచ్చా అన్నా?" అని అడిగేవాళ్లు పెరిగినారు. పెద్దోళ్లేమో "మీకు ఫోన్ పిచ్చి పట్టింది" అని ఒక్క మాటతో కొట్టేస్తాండారు. మేము అట్లా కొట్టేయం. మంచి ఫోన్ కావాలనుకోవడం తప్పు కాదు. క్లాసు నోట్సు, యూట్యూబ్ పాఠాలు, గ్రూప్స్ ప్రిపరేషన్, స్కాలర్‌షిప్ పని, అన్నీ మనకు ఫోన్‌లోనే. చాలామందికి ల్యాప్‌టాప్ లేదు, ఇంట్లో అడిగి చెప్పించుకునేదానికి చదువుకున్నవాళ్లు లేరు. మనకు ఫోనే లైబ్రరీ, ఫోనే మీ సేవ.

మేము చెప్పేది ఒక్కటే. ఆ ఫోన్ ఏ దేశానిది, ఎన్ని మెగాపిక్సెళ్లు అన్నది తర్వాత. మన ఊరి టవర్‌తో అది మాట్లాడుతుందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. బెంగళూరు షాపులో బాగా పనిచేసిన ఫోన్ విడపనకల్లు దగ్గర తండాలో మూగదైపోవచ్చు. దానికి కారణం ఉంది.

ముందు ఒక అపోహ. ఆ ఫోన్ల మీద "డొకొమో" అని రాసి ఉంటే మనోళ్లు "ఇది మన టాటా డొకొమోదే కదా" అంటారు. కాదు. డొకొమో జపాన్‌లో పెద్ద ఫోన్ కంపెనీ. అది టాటాతో కలిసి సుమారు 26 శాతం వాటా పెట్టింది. 2009లో సెకనుకు ఒక పైసా అని టాటా డొకొమో వచ్చినప్పుడు మన ఊర్ల గోడల మీద కూడా ఆ పేరు పడింది. 2014లో జపాన్ వాళ్లు వెళ్లిపోతామన్నారు. 2019లో ఆ మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. ఈరోజు ఇండియాలో డొకొమో నెట్‌వర్క్ లేదు. ఫోన్ మీద ఉన్న ఆ ముద్రకు అర్థం ఒకటే: ఈ ఫోన్‌ను జపాన్‌లో ఫలానా కంపెనీ తన నెట్‌వర్క్ కోసం అమ్మింది అని.

అలాంటి ఫోన్‌కు మూడు గడపలు ఉంటాయి. మూడూ దాటితేనే మన దగ్గర పనికొస్తుంది.

మొదటి గడప, లాక్. కంపెనీ అమ్మిన ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ పనిచేయకుండా తాళం వేస్తారు. ఇది మనకు కొత్త కాదు. 2003 నుంచి రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లు వచ్చినాయి. చాలావాటిలో సిమ్ కార్డే ఉండేది కాదు, నెంబరు ఫోన్ లోపలే ఉండేది. ఆ నెట్‌వర్క్ ఆగిపోయినాక ఆ ఫోన్లు పిల్లోళ్ల ఆటబొమ్మలు అయినాయి. 2017లో వచ్చిన జియోఫోన్‌లో కూడా జియో సిమ్ తప్ప ఇంకోటి పడదు. జపాన్‌లో కూడా చాలా ఏళ్లు ఇదే పద్ధతి. 2015 నుంచి అడిగితే తాళం తీయాలని అక్కడి ప్రభుత్వం చెప్పింది. 2021 అక్టోబరు 1 నుంచి అసలు తాళం వేయడమే మానాలంది. అంటే ఆ తేదీ తర్వాత అమ్మిన ఫోన్లకు మామూలుగా లాక్ ఉండదు. అంతకు ముందువాటికి ఉండొచ్చు. దాన్ని సరిగ్గా తీయాల్సింది ఆ జపాన్ కంపెనీయే. "కోడ్ కొట్టి తీసిస్తాం, ఐదొందలు ఇవ్వు" అనేవాళ్లను నమ్మొద్దు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "అన్‌లాక్ అయింది అన్నా, సిగ్నల్ కూడా వచ్చింది" అని డబ్బు కట్టేస్తారు. అసలు చిక్కు రెండో గడప దగ్గర ఉంది.

రెండో గడప, బ్యాండ్. మన మండలంలోళ్లకు హెచ్చెల్సీ కాలువ తెలుసు. కాలువ నిండా నీళ్లు పోతాన్నా, మన చేను దగ్గర తూము లేకపోతే చుక్క పారదు. సిగ్నల్ కూడా అంతే. గాలిలో సిగ్నల్ ఉంటుంది, కానీ దాన్ని అందుకునే తూము ఫోన్‌లో ఉండాలి. ఆ తూమునే బ్యాండ్ అంటారు. ఒక్కో బ్యాండ్‌కు ఒక నెంబరు.

మన దగ్గర జియో 4జీ ముఖ్యంగా 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది. అవి బ్యాండ్ 5, 3, 40. ఎయిర్‌టెల్ వాడేవాటిలో 8, 3, 1, 40 ఉన్నాయి. బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీకి ముఖ్యమైనవి 28, 1. జపాన్‌లో 1, 3, 28 ఉన్నాయి. 40ని అక్కడి ఫోన్ కంపెనీలు 4జీకి వాడవు. 850 దగ్గరికొస్తే డొకొమోది బ్యాండ్ 19, ఏయూ కంపెనీది 18, 26. మనది 5. పక్కపక్క చేలే, కానీ గట్టు వేరు. కొన్ని జపాన్ ఫోన్లలో 5 కూడా పెడతారు, కొన్నింటిలో పెట్టరు. అది పేరును బట్టి కాదు, మోడల్ నెంబరును బట్టి. ఒకే ఎక్స్‌పీరియాను అక్కడ ఒక్కో కంపెనీ ఒక్కో నెంబరుతో అమ్ముతుంది. ఎస్ఓ అని మొదలైతే డొకొమోది, ఎస్ఓజీ అని మొదలైతే ఏయూది. పైకి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, లోపల తూములు వేరు. ఐఫోన్‌లో బ్యాండ్లు ఎక్కువ ఇస్తారు కాబట్టి అక్కడ ఈ చిక్కు తక్కువ. కానీ జపాన్ ఐఫోన్‌లో ఫొటో తీసేటప్పుడు వచ్చే సౌండు ఆపడం కుదరకపోవచ్చు, అది తెలుసుకుని కొనండి.

ఇప్పుడు మన తండాకు ఎందుకు దెబ్బ పడుతుందో చూడండి. తక్కువ మెగాహెర్ట్జ్ సిగ్నల్ దూరం పోతుంది, గోడలు దూరుతుంది. ఎక్కువ మెగాహెర్ట్జ్ సిగ్నల్ వేగం ఇస్తుంది కానీ దగ్గర్లోనే ఆగిపోతుంది. సిటీలో సందుకొక టవర్, అన్ని బ్యాండ్లూ ఉంటాయి. ఒక తూము లేకపోయినా ఇంకోటి అందుతుంది. అందుకే షాపులో ఫోన్ నిండా గీతలు చూపిస్తుంది. మనకు టవర్ ఎక్కడో రోడ్డు మీది ఊర్లో ఉంటుంది. అక్కడి నుంచి చేలు దాటి, మట్టి మిద్దె గోడలు దూరి లోపలికొచ్చేది ఆ 700, 850, 900 సిగ్నలే. సరిగ్గా ఆ తూమే ఫోన్‌లో లేకపోతే ఏమవుతుంది? మిద్దె ఎక్కితే ఒక గీత, కిందికి దిగితే అదీ ఉండదు. ఫోన్ చెడిపోలేదు, సిమ్ చెడిపోలేదు. సిటీకి చాలే ఫోన్ మన ఊరికి చాలదు, అంతే.

మూడో గడప, మాట. జియోకు 2జీ, 3జీ లేవు. అందులో కాల్ కూడా 4జీ మీదే పోవాలి, దాన్ని వోల్టే అంటారు. ఫోన్‌లో 4జీ ఉన్నంత మాత్రాన వోల్టే వస్తుందని లేదు. ఆ కంపెనీ సెట్టింగులు ఫోన్‌లో ముందే ఉండాలి. జపాన్ కంపెనీ తన నెట్‌వర్క్ కోసం చేయించిన ఫోన్‌లో మన కంపెనీల సెట్టింగులు ఉంటాయని భరోసా లేదు. అప్పుడు వాట్సాప్ వస్తుంది, రీల్స్ వస్తాయి, మామూలు కాల్ మాత్రం పోదు, రాదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌లో ఇంకా 2జీ ఉంది కాబట్టి, ఫోన్‌లో జీఎస్ఎం ఉంటే కాల్ దాని మీద పోతుంది.

"వాట్సాప్ కాల్ ఉంది కదా" అంటారు. మనలో ఎంతమంది యాడీబాపులకు స్మార్ట్‌ఫోన్ ఉంది? వానలు లేని ఏడాది బళ్లారికో బెంగళూరుకో పనికి పోయినోళ్లు రాత్రి పని దిగినాక కీప్యాడ్ ఫోన్ నుంచి మామూలు కాలే చేస్తారు. ఆ కాల్ రాకపోతే ఆ ఫోన్‌లో ఎంత మంచి కెమెరా ఉంటే ఏం లాభం? అర్ధరాత్రి 108కి చేయాల్సి వస్తే? స్కాలర్‌షిప్ దరఖాస్తుకు, బ్యాంకు పనికి, ఆధార్ పనికి అన్నిటికీ ఓటీపీ కావాలి. ఆ ఒక్క మెసేజ్ టైముకు రాక చివరి తేదీ దాటిపోతే ఫోన్‌లో మిగిలిన డబ్బు కంటే పోయేది ఎక్కువ.

సరిహద్దులో ఉన్న మనకు ఈ సంగతి వేరేవాళ్లు నేర్పాల్సిన పని లేదు. విడపనకల్లు నుంచి బళ్లారి వైపు పోతే గీత దాటుతాం. ఇటు సుగాలీలు ఎస్టీ. అటు లంబాణీలు ఎస్సీ జాబితాలో ఉన్నారు. అదే మనిషి, అదే గోరు మాట, అవే పెళ్లి సంబంధాలు, కాగితం మాత్రం మారిపోతుంది. ఇటు సర్టిఫికెట్ అటు చెల్లదు. ఫోన్‌కు కూడా అట్లాంటి గీతలే గీసినారు. జపాన్ ఫోన్లు ఒకప్పుడు లోకంలో అందరికంటే ముందుండేవి. 1999లోనే డొకొమో ఐ-మోడ్‌తో ఫోన్‌లో ఇంటర్నెట్ వాడించింది. కానీ అక్కడి పాత 2జీ పద్ధతి వాళ్లకే ప్రత్యేకం కావడంతో ఆ ఫోన్లు బయట పనికి రాలేదు. వాటికి జపాన్ వాళ్లే "గాలాపగోస్ ఫోన్లు" అని పేరు పెట్టుకున్నారు. వేరే ఎక్కడా కనిపించని జంతువులుండే దీవుల పేరు అది. వస్తువు గొప్పదైతే చాలదు, ఇంకోచోట దానికి చోటు కూడా ఉండాలి.

ఇంకో జాగ్రత్త. వాడిన ఫోన్లను వ్యాపారం కోసం దిగుమతి చేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. 2023 జనవరి 1 నుంచి దిగుమతి అయ్యే ఫోన్ల ఐఎంఈఐ నెంబర్లు ప్రభుత్వ పోర్టల్‌లో ముందే నమోదు చేయాలి. కాబట్టి బిల్లు లేకుండా అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు. *#06# కొడితే ఐఎంఈఐ కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఒక ఖాళీ వదిలి, ఆ నెంబరు వేసి 14422కి మెసేజ్ పెట్టండి. సంచార్ సాథీలో కూడా చూడొచ్చు. దొంగిలించిందని బ్లాక్ చేసిన ఫోన్ అయితే అక్కడే తెలిసిపోతుంది.

ఇదంతా చదివి "అయితే తప్పంతా కొనేవాళ్లదే" అనుకోవద్దు. మేము ఒప్పుకోం. సిటీ పిల్లోడు ఇవేవీ తెలుసుకోకుండా ఏ ఫోన్ కొన్నా నడిచిపోతుంది. మనం మాత్రం ఒక ఫోన్ కొనడానికి ఇంజనీరు చదువు చదవాలా? మన ఊర్లకు ఒక్క బ్యాండే అందడం మనం చేసిన తప్పు కాదు. మారుమూల పల్లెల కోసమని టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం డిజిటల్ భారత్ నిధికి పోతుంది. 2022 జులైలో కేంద్రం సిగ్నల్ లేని 24,680 ఊర్లకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్లు మంజూరు చేసింది. ఊరి మధ్యలో ఒక గీత వస్తే "సిగ్నల్ ఉన్న ఊరు" అని రాసుకుంటారు. ఊరికి అవతల ఉన్న తండాలో, మిద్దె లోపల వస్తుందా అని ఎవరూ అడగరు. సర్వీసు నాణ్యత మీద ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీలు తమ కవరేజీ మ్యాపులు వెబ్‌సైట్‌లో పెట్టాలి. 2జీయా, 4జీయా అని అందులో తెలుస్తుంది. మాకు అది చాలదు. ఏ టవర్ ఏ బ్యాండ్ ఇస్తుందో కూడా జనానికి తెలిసేలా పెట్టాలి. అది దాచుకోవాల్సిన రహస్యం కాదు.

అది వచ్చేదాకా మనం చేయగలిగింది మనం చేద్దాం. కొనాలనుకున్నోళ్లు మోడల్ నెంబరు, బ్యాండ్ల జాబితా అడగండి. మీ సిమ్ కంపెనీ వాడే తక్కువ మెగాహెర్ట్జ్ బ్యాండ్ అందులో లేకపోతే వదిలేయండి. ఉన్నా సరే, మీ సిమ్ వేసి మామూలు కాల్ చేయండి, ఇంకొకరితో చేయించుకోండి, ఒక ఓటీపీ తెప్పించుకోండి. ఈ పరీక్ష షాపులో కాదు, మన ఇంటి లోపల జరగాలి. "మూడు రోజులు ఊర్లో పెట్టి చూస్తా, పనిచేయకపోతే డబ్బు తిరిగిస్తావా?" అని అమ్మేవాడిని అడగండి. ఇవ్వనంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇక గ్రూపుకు ఒక పని. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నెట్‌మాన్‌స్టర్ లాంటి యాప్ వేస్తే ఇప్పుడు మీ ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉందో చూపిస్తుంది. ఈసారి ఊరికి పోయినప్పుడు ఇంటి లోపల ఒకసారి, బయట ఒకసారి చూడండి. కింద కామెంట్‌లో ఊరి పేరు, తండా పేరు, సిమ్ కంపెనీ, బ్యాండ్ నెంబరు, ఇంట్లో కాల్ మోగుతుందా లేదా, ఈ ఐదూ రాయండి. సుగాలీ తండాలే కాదు, ఎరుకల, యానాది, చెంచు కాలనీల నుంచి కూడా రాయండి. మేము అన్నీ కలిపి మండలాల వారీగా ఒక పట్టిక చేస్తాం. కొనేవాళ్లకు అది దారి చూపిస్తుంది. సిగ్నల్ లేని తండాల పేర్లతో కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చేటప్పుడు చేతిలో రుజువుగా ఉంటుంది.